ఎత్తెక్కితే వెలిగే లైటు

ఇల్లు, వెనక గది
సోమవారం

నీకు వరస పెట్టి రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే ఇలాగే మొదలుపెడుతున్నాను.

నా దవడని తీగలతో కట్టేశారు. స్ట్రాతో తాగడమే తప్ప నమిలేది లేదు, మాట లేదు. నోరు పనిచేసి ఉంటే ఈ కాగితం బదులు నేనే జైలుకొచ్చి, ఊచల అవతల నిలబెట్టి నిన్ను కడిగేసేవాణ్ణి. ఎడమ మోచెయ్యి వంగదు. లోపల ఇనుప రేకు వేసి బిగించారు. ఇక మీద వంగినా సగమేనని డాక్టరు అంటున్నాడు. నీ వీల్ స్పానర్ మొదటి దెబ్బ అక్కడ, కిందపడ్డాక రెండోది దవడ మీద. మూడోది నెత్తి మీద పడేదే. పక్క టైర్ల షాపువాడు వెనక నుంచి నీ నడుం వాటేసుకున్నాడు కాబట్టి నేను ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోర్టులో నువ్వు నన్ను చంపబోయావనే చెబుతాను. అందులో మార్పు లేదు.

ఇక విషయం. కారు ఇప్పుడు మీ అక్క నడుపుతోంది. నేను వద్దన్నాను. అంటే, వద్దని పలక మీద రాసి చూపించాను. ఆవిడ చదివింది, పలక తుడిచింది, తాళాలు తీసుకుని వెళ్లిపోయింది. ట్యాక్సీ స్టాండులో నా వంతులోనే జనాన్ని ఎక్కించుకుని రోజూ కొండ మీదికి తిప్పుతోంది. నేర్పింది నువ్వే కదా.

ఆ ఇంజిన్ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. నువ్వు మూడుసార్లు "అయిపోయింది బావా, ఇక రాదు" అన్న ఆ లైటే. కొండ ఎక్కుతుంటే డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చగా వెలుగుతుంది, ఆ వెంటనే పికప్ చచ్చిపోతుంది. ఎంత తొక్కినా మొరాయించిన ఎద్దులా నిలబడుతుంది. వెనక లారీలు హారన్ కొడుతూ మీదికొస్తాయి. ఇక్కడి కొత్త మెకానిక్ స్కానర్ తగిలించి లైటు ఆర్పేస్తాడు. కొండ రెండుసార్లు ఎక్కేసరికి మళ్లీ వస్తుంది.

ఆ బండిలో ఏం విప్పావో ఏం బిగించావో నీకే తెలుసు. అది రాయి. నా కోసం కాదు. ఆ బండిలో కూర్చునేది నీ తోడబుట్టింది.

మీ అక్క నీకు ఉత్తరం రాయదు. నీ మాట ఎత్తితే చేతిలో ఉన్న గిన్నె నేలకేసి కొడుతోంది. ఇలా రాస్తున్నానని ఆవిడకి తెలియదు. వకీలు గుమాస్తా చేతికిస్తున్నాను, జవాబు కూడా అతనికే ఇవ్వు.

నువ్వు విరగ్గొట్టిన మనిషి


జైలు, మూడో బ్యారక్
శుక్రవారం

మహా గౌరవనీయులైన బావగారికి,

నీకు మాట లేదని చదివి ఆ రోజు కడుపునిండా తిన్నాను. ఇన్నేళ్లలో నువ్వు నోరు మూసుకుని ఉన్నది ఇదే మొదటిసారి. చూసే భాగ్యం నాకు లేకపోయింది.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వుకోకు, ఎడం చేత్తో రాస్తున్నాను. కుడి చేతి నడిమి వేళ్లు రెండూ విరిగాయి. ఎలా విరిగాయని ఇక్కడి డాక్టరు అడిగితే జారిపడ్డానన్నాను. నువ్వు పోలీసులకి చెప్పింది వకీలు చదివి వినిపించాడు. కారు సంగతి అడిగిన పాపానికి నేను స్పానర్ ఎత్తానట. నీ కథలో బానెట్ ఎక్కడా లేదేం బావా? నేను ఇంజిన్‌లో చెయ్యి పెట్టి ఉండగా నువ్వు బానెట్‌ని ఎత్తి నిలిపే ఆపుకడ్డీ లాగేశావు. బానెట్‌ని రెండు చేతులా నా చేతి మీదికి నొక్కావు. ఎముక విరిగిన చప్పుడు నీకూ వినబడింది, ఎందుకంటే అప్పుడు ఇంకోసారి నొక్కావు. ఆ తర్వాతే నా ఎడం చెయ్యి స్పానర్ కోసం వెతికింది.

మరి నేనెందుకు చెప్పలేదంటావా? చెబితే అక్క నీ ఇంట్లో ఒక్క పూట ఉండదు. ఆవిడకి ఇల్లంటూ ఉన్నది అదొక్కటే. నీ మీద జాలి అనుకుంటావేమో, ఆ ఆలోచన తుడిచేసుకో.

ఇక బండి. మొదటిసారి డీజిల్ ఫిల్టర్ మార్చాను. రెండోసారి పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు విప్పి మసి అంతా గీకాను. మూడోసారి గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్ కొత్తది వేశాను. ప్రతిసారీ షెడ్డు ముందు రోడ్డు మీద నడిపి చూశాను, లైటు రాలేదు. నీ బండి నా దగ్గర బుద్ధిమంతురాలు, నీ దగ్గర దయ్యం.

కొత్తవాడిని ఇంక చెయ్యి వెయ్యొద్దను. లైటు ఆర్పడం వైద్యం కాదు, మూలుగుతున్నవాడి నోట్లో గుడ్డ కుక్కడం. నేను అడిగినవాటికి జవాబు రాయి. లైటు వచ్చేటప్పుడు బండిలో ఎంతమంది ఉంటారు? పొగ ఏ రంగు? ఏదైనా చప్పుడు వినిపిస్తుందా? ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే పికప్ తిరిగొస్తుందా? ఊహించి రాయకు. పక్కన కూర్చుని వెళ్లి, చూసి రాయి.

నీ బావమరిది


ఇల్లు
ఆదివారం

ఒరేయ్,

పక్కన కూర్చుని వెళ్లాను. మీ అక్క అడిగితే ఇంట్లో ఊపిరాడక వస్తున్నానని పలక మీద రాశాను. దారి పొడవునా మెడ నిటారుగా పెట్టుకుని నడిపింది. నాకంటే బాగా నడుపుతుంది. ఇది ఆవిడకి చెప్పకు.

ఖాళీగా వెళ్తే లైటు రాలేదు. వెనక ముగ్గురు, పైన సామాను ఉంటే, రెండో మలుపు దాటాక మూడో గేరులో గట్టిగా తొక్కగానే వచ్చింది. పొగ నల్లగా, వెనక బండి కనబడనంత. వచ్చేముందు ఇంజిన్ లోంచి సుయ్‌మని చప్పుడు, సైకిల్ ట్యూబులో గాలి పోతున్నట్టు. కాలు తీస్తే చప్పుడు లేదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పికప్ వచ్చింది, లైటు మాత్రం పోలేదు.

బానెట్ గురించి రాశావు. ఆ రోజు కొండ మధ్యలో బండి ఆగిపోతే ఒక ప్యాసింజరు నా ముఖం మీద ఉమ్మేసి దిగిపోయాడు. తుడుచుకుని నీ షెడ్డుకొచ్చాను. ఇంకోసారి ఇలా అయితే లారీ కింద పడతాం రా అని చెప్పాను. నువ్వు తల ఎత్తకుండా నవ్వావు. "బండి బాగానే ఉంది, నడిపేవాడికే పికప్ లేదు" అన్నావు. నీ కుర్రాళ్లు కూడా నవ్వారు.

వేళ్లు విరిగాయని నాకు తెలుసు. అంతకంటే ఆ సంగతి మీద ఏమీ రాయను.

బావ


జైలు
బుధవారం

బావా,

నేను నవ్వింది నిజం. ఆ మాట అన్నదీ నిజం. దానికి మాట అనాల్సింది, చెయ్యి విరగ్గొట్టడం కాదు.

ఈ ఉత్తరం ఆలస్యమైంది. ఇక్కడ కుళాయి దగ్గర ఒకడున్నాడు, అందరూ పెదనాన్న అంటారు. వాడు చెప్పినవాడే ముందు నీళ్లు పట్టుకోవాలి. నేను వాడు చెప్పకముందే పట్టుకున్నాను. ముగ్గురు నన్ను నేలమీద పడేసి తొక్కారు. వాడు నా కుడి చెయ్యి వెతికి మరీ దాని మీద నిలబడ్డాడు. తగ్గుతున్న వేళ్లు మళ్లీ మొదటికొచ్చాయి. నేను తిరిగి కొట్టలేదు. మంచితనంతో కాదు. కొడితే కేసు మీద కేసు పడుతుందని వకీలు చెప్పాడు. పళ్లు కొరుక్కుంటూ పడుకున్నప్పుడు నీ దవడ గుర్తొచ్చింది. సుఖంగా అనిపిస్తుందనుకున్నాను, అనిపించలేదు.

నువ్వు రాసినదాన్ని బట్టి డీజిల్‌లో లోపం లేదు, గాలిలో ఉంది. టర్బో గాలిని నొక్కి పంపిస్తుంది. ఆ గాలి లావుపాటి రబ్బరు గొట్టంలోంచి ముందుకెళ్లి చల్లబడి ఇంజిన్‌లోకి పోతుంది. దారిలో ఎక్కడో కారిపోతోంది. గాలి తక్కువైతే డీజిల్ సరిగ్గా కాలదు, నల్లపొగ వస్తుంది. అప్పుడు బండి తనని తాను కాపాడుకోవడానికి లైటు వెలిగించి బలం తగ్గించేస్తుంది. బరువెక్కువై గట్టిగా తొక్కినప్పుడే ఆ గాలికి ఒత్తిడి ఉంటుంది కాబట్టి నా షెడ్డు ముందు అది బయటపడలేదు.

బండి చల్లారాక ఆ గొట్టం కింద వైపు చేత్తో తడిమి చూడు. పగులుంటే చేతికి నూనె జిడ్డు తగులుతుంది. రెండు చివర్లా క్లిప్పులు బిగువుగా ఉన్నాయో లేదో చూడు.

అక్కని అంతవరకూ ఎక్కువమందిని ఎక్కించుకోవద్దను. నేనన్నానని చెప్పకు.

బావమరిది


ఇల్లు
గురువారం

బావమరిదికి,

గొట్టం చూశాను. పగులు లేదు. క్లిప్పులు బిగువుగానే ఉన్నాయి. ఒక చివర మాత్రం జిడ్డుగా ఉంది. తుడిచేశాను.

అసలు సంగతి వేరే ఉంది. దవడ తీగలు తీసేశారు, ఇప్పుడు మాట్లాడగలను. కానీ ఇది చెప్పడానికి ఇంట్లో నాకు ఎవరూ లేరు, కాబట్టి నీకే రాస్తున్నాను.

పోయిన వారం మీ అక్క ముఖం వాచి ఇంటికొచ్చింది. కంటి కింద నల్లగా కమిలింది, పెదవి చీలింది. బాత్రూంలో జారానంది. నేను నమ్మాను. కాదు, నమ్మితే తేలిగ్గా ఉంటుందని నమ్మాను. మొన్న స్టాండుకి వెళ్తే డ్రైవర్లు నన్ను చూసి మాట మార్చారు. ఒకణ్ణి కాలరు పట్టుకుంటే చెప్పాడు. కొండ మీద మళ్లీ లైటొచ్చి బండి ఆగిపోయిందట. వెనక కూర్చున్న కలప షాపు యజమాని కొండ అవతల రైలు అందుకోవాలి. కిందికి దిగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి మీ అక్క జుట్టు పట్టుకుని, తలని తలుపు అంచుకేసి కొట్టాడు. ఒక్కసారి కాదు. ఆడదానికి బండి ఎవడిచ్చాడని తిడుతూ కొట్టాడు. మిగతా ప్యాసింజర్లు దిగి దూరంగా నిలబడ్డారు.

నేను ఇంటికి వెళ్లలేదు. జాకీ రాడ్డు తీసుకుని వాడి షాపుకి వెళ్లాను. వాడు చెక్క పలకల లెక్క చూసుకుంటున్నాడు. నన్ను చూసి "ఏం కావాలి" అన్నాడు. భుజం మీద కొట్టాను. వాడు చెక్కల మీద వెల్లకిలా పడ్డాడు. పడ్డాక మోకాలి మీద కొట్టాను. చిన్నపిల్లాడిలా రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయాడు. నేను ఆ చేతుల మీద కొట్టాలని రాడ్డు ఎత్తాను. ఇద్దరు కూలీలు నన్ను వెనక్కి లాగి పడేశారు.

నిన్ను టైర్ల షాపువాడు పట్టుకున్నాడు, నన్ను వీళ్లు పట్టుకున్నారు. మనిద్దరిలో ఎవడూ తనంతట తాను ఆగలేదు. నిన్ను క్షమించానని దీనర్థం కాదు. తెలిసింది, అంతే.

స్టేషన్‌లో కూర్చోబెట్టారు. వాడు చేసిందీ బయటికొస్తుందని వాడే కేసు వద్దన్నాడు. మీ అక్క వచ్చి తీసుకెళ్లింది. అప్పటి నుంచి ఆవిడ చూపు తట్టుకోలేకపోతున్నాను.

లైటు ఏం చెయ్యమంటావో త్వరగా రాయి.

బావ


జైలు
శనివారం

బావా,

నీ ఉత్తరం చదివి గోడకి తల కొట్టుకున్నాను. నిజంగానే, రక్తం వచ్చేదాకా. అక్కని జుట్టు పట్టుకుని కొడుతుంటే నేనిక్కడ కూర్చుని నీళ్ల వంతు గురించి ఆలోచిస్తున్నాను. ఆ కలప షాపువాడు ఎక్కడుంటాడో రాయకు. తెలుసుకుంటే బయటికొచ్చిన మొదటి రోజే తిరిగి లోపలికొస్తాను.

వాడు కొట్టింది అక్కనే, కానీ బండిని అక్కడ ఆపింది నేను వెతకని లోపం. ఇప్పుడు అది ఏమిటో నాకు దాదాపు తెలిసింది. క్లిప్పు బిగువుగా ఉండి, పగులు లేకుండా, ఒక చివర జిడ్డు ఉందన్నావు. అంటే గొట్టం ఆ చివర ఊడి, మళ్లీ దానంతట అదే కూర్చుంటోంది. అలా జరగాలంటే ఇంజిన్ కదలాలి. ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్ ఒకటి తెగి ఉంటుంది. గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒక పక్కకి ఒరిగి గొట్టాన్ని లాగుతుంది. కాలు తీస్తే సర్దుకుంటుంది. నిలబడ్డ బండిలో ఎవడు చూసినా అంతా బాగానే ఉంటుంది. నేనూ అలాగే చూశాను.

ఇలా చెయ్యి. చదునైన చోట బండి పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డుపెట్టు. అక్కని సీట్లో కూర్చోబెట్టు. హ్యాండ్‌బ్రేకు లాగి, ఫుట్‌బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేరు వేసి క్లచ్ కొంచెం కొంచెంగా వదలమను. బండి కదలకూడదు, ఇంజిన్ మాత్రం కష్టపడాలి. అది ఒరుగుతుందేమో బానెట్ తీసి నువ్వు చూడు. తర్వాత రివర్స్ గేరులో కూడా చూడు.

బండి ముందు నిలబడకు, వెనక నిలబడకు. పక్కన నిలబడు. బ్రేకు జారితే బండి నిన్ను గోడకేసి నలిపేస్తుంది. నిన్ను చంపాలనుంటే నేను ముందు నిలబడమనే రాసేవాణ్ణి. ఈ మాట రాసేముందు చాలాసేపు ఆలోచించాను. అబద్ధం ఎందుకు.

లోపల చెయ్యి పెట్టకు.

బావమరిది


ఇల్లు
మంగళవారం

నువ్వు చెప్పినట్టే చేశాం. పక్కనే నిలబడ్డాను.

మీ అక్క క్లచ్ వదలగానే ఇంజిన్ మొత్తం పడవలా ఒక పక్కకి ఒరిగింది. గొట్టం చివర నా కళ్లముందే రెండు వేళ్ల మందం బయటికి జారింది. క్లచ్ తొక్కితే వెనక్కొచ్చి కూర్చుంది. మౌంటింగ్ విప్పి చూస్తే రబ్బరు రెండు ముక్కలు. కొత్త మౌంటింగ్, కొత్త గొట్టం, కొత్త క్లిప్పు వేయించాం. వెనక ముగ్గురిని ఎక్కించుకుని, పైన ఇసుక బస్తాలు వేసుకుని కొండ ఎక్కాం. రెండో మలుపు దాటాక మీ అక్క గట్టిగా తొక్కింది. లైటు రాలేదు. మళ్లీ కిందికి దిగి మళ్లీ ఎక్కాం. రాలేదు.

ఎవరు చెప్పారని ఆవిడ అడిగింది. నువ్వన్నాను. బండి పక్కకి ఆపింది. నిన్ను చూడటానికి వస్తానంటోంది. నేను ఆపలేను.

నీ చెయ్యి జేబులో పెట్టుకుంటావో ఏం చేస్తావో నీ ఇష్టం. దాచమని అడగడానికి నాకు ముఖం లేదు. దాచొద్దని చెప్పడానికి ధైర్యం లేదు.

బావ


ఇల్లు, ముందు గది
సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావ కోర్టులో చెప్పింది నువ్వూ విన్నావు. దానికి ముందు ఇంట్లో జరిగింది నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను. ఇన్నాళ్లూ రాయనందుకు ఏమీ అనుకోకు. అనుకున్నా ఫరవాలేదు.

జైల్లో నిన్ను చూడ్డానికి వచ్చిన రోజు నువ్వు కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నావు. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టినప్పుడు కూడా ఇలాగే కూర్చునేవాడివి. చూపించమంటే చూపించావు. కొక్కేల్లా వంగిపోయిన ఆ రెండు వేళ్లనీ జాలీ సందులోంచి తాకాను. ఎవరు చేశారంటే కుళాయి దగ్గర గొడవ అన్నావు. నీకు అబద్ధం చెప్పడం ఇప్పటికీ రాదు.

ఇంటికొచ్చి బట్టలు ఇస్త్రీ చేస్తూ మీ బావని అడిగాను. ఆయన కుర్చీలో కూర్చుని, అంతా చెప్పాడు. ఆపుకడ్డీ లాగడం, నొక్కడం, చప్పుడు వినబడ్డాక ఇంకోసారి నొక్కడం. "ఇంకోసారి ఎందుకు?" అని అడిగాను. "తెలియదు" అన్నాడు. నా చేతిలో ఇస్త్రీ పెట్టె వేడిగా ఉంది. ఆయన ముఖం చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. అది ఆ ముఖం మీద పెట్టాలని ఎంత అనిపించిందో నీకు చెప్పలేను. చర్మం కాలే వాసన కూడా ముక్కుకి తగిలినట్టే అయింది. పెట్టెని నిలబెట్టి, స్విచ్ తీసేసి, బయటికి నడిచాను. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను. మళ్లీ వెళ్లి మళ్లీ తిరిగొచ్చాను. అప్పుడు లోపలికొచ్చి, "కోర్టులో ఇది చెప్పకపోతే నీ వస్తువులు వీధిలో ఉంటాయి" అని ఆయనతో అన్నాను. "చెబుదామనే అనుకుంటున్నా" అన్నాడు. అనుకుంటూ ఇంకెన్నాళ్లు గడిపేవాడో నాకు తెలియదు.

చెప్పాడు. దానివల్ల నీ మీద హత్యాయత్నం పోయి చిన్న శిక్ష మిగిలింది. ఆయన మీద నీ వేళ్లకీ, పోలీసులకి చెప్పిన అబద్ధానికీ కొత్త కేసు పెట్టారు. పెట్టనీ.

ఇంకో సంగతి. ఆ కలప షాపువాణ్ణి నాకోసమే కొట్టానని మీ బావ అనుకుంటున్నాడు. నువ్వూ అలాగే అనుకుని ఉంటావు. వాడి సరుకు, వాడి మనుషులు కొండ మీదికి వెళ్లాలంటే మా స్టాండు బండ్లే గతి. ఒక్కడూ వాణ్ణి ఎక్కించుకోకూడదని డ్రైవర్లందరి దగ్గరా మాట తీసుకున్నాను. వాచిన ముఖంతోనే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగాను. పది మంది చూస్తుండగా వాడు స్టాండుకొచ్చి నాకు క్షమాపణ చెప్పేదాకా అలా ఉంచాలనుకున్నాను. మీ బావ రాడ్డు పట్టుకుని వెళ్లేసరికి వాడే దెబ్బలు తిన్నవాడైపోయాడు. ఇప్పుడు వాడు భుజానికి కట్టు కట్టుకుని వస్తే మా డ్రైవర్లే తలుపు తీసి ఎక్కిస్తున్నారు. నా కోసం కొట్టడమంటే ఇదీ. ఇక మీద నా కోసం ఎవరూ ఏమీ విరగ్గొట్టొద్దు.

బండి నాది. కాగితాలు నా పేర మార్పించాను. మీ బావ సంతకం పెట్టాడు. ఆయనకి స్టాండులో టిక్కెట్లు రాసే పని చూశాను. కొనసాగుతాడో లేదో చూడాలి. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. అంతకంటే ఏమీ చెప్పలేను. రోజూ ఉదయం లేచి ఈ మనిషితో ఉండాలా వద్దా అని ఆలోచిస్తాను. ఇప్పటివరకూ ఉండాలనే తేలుతోంది.

నువ్వు స్పానర్‌తో చేసింది కూడా నేను మర్చిపోలేదు. వేళ్లు విరిగినందుకు ఒక దెబ్బ అర్థమవుతుంది. పడిపోయిన మనిషి దవడ మీద ఇంకో దెబ్బ అర్థం కాదు. దాని గురించి ఎప్పుడైనా అడుగుతాను. అప్పుడు మీ బావ పేరు చెప్పకుండా జవాబు చెప్పాలి.

విడుదల రోజు గేటు దగ్గరికి నేనే వస్తాను. మీ బావ కూడా వస్తాడట. వద్దనలేదు. ఆయన ముందు సీట్లో కూర్చుంటాడు, మోచెయ్యి చాపుకోవడానికి చోటు కావాలి. నువ్వు వెనక కూర్చో. ఇల్లు చేరేదాకా మాట్లాడుకోవాలని ఏమీ లేదు, మాట్లాడుకోకపోతే మరీ మంచిది. ఎవరు గొంతు పెంచినా బండి పక్కకి తీస్తాను. దిగాల్సింది మీరిద్దరూ. నేను వెళ్లిపోతాను.

అక్క